చేతులు మారిన సెంటర్ ఫార్వర్డ్

మా నాన్న ఎద్దును కొనేటప్పుడు అమ్మేవాడి మాట వినేవాడు కాదు. పళ్లు చూసేవాడు, ఒంటి మీద సుడులు చూసేవాడు, గట్టెక్కించి, మళ్లీ దింపి, కాళ్లు ఎలా వేస్తోందో చూసేవాడు. అన్నీ బాగున్నాయనిపించాక ఆఖరి ప్రశ్న వేసేవాడు. "ఇంతకుముందు ఎవరెవరి దగ్గరుంది?" సంత సంతకీ చేతులు మారిన ఎద్దును ఊరికే ఇచ్చినా ఇంటికి తోలుకొచ్చేవాడు కాదు. మంచి ఎద్దును ఎవడూ వదులుకోడనీ, కొనేవాడి కంటికి కనపడని రోగమేదో దానికి ఉండే ఉంటుందనీ ఆయన నమ్మకం. దుక్కి మధ్యలో కూలబడే ఎద్దు కూడా సంతలో దర్జాగానే నిలబడుతుందని చెప్పేవాడు.

ఎనభైల్లో మా అక్కకు వచ్చిన సంబంధాన్ని కూడా ఆయన ఈ లెక్కనే చూశాడు. పెళ్లికొడుకు ఫుట్‌బాల్ ఆటగాడు. సెంటర్ ఫార్వర్డ్, అంటే అందరికంటే ముందు నిలబడి గోల్ కొట్టేవాడు. సొంతూరు కుసుమంచి పక్కన. గోదావరి ఒడ్డున ఒక ఫ్యాక్టరీ వాళ్లు తమ జట్టు కోసం ఉద్యోగం ఇచ్చి తెచ్చుకున్నారు. అంతకుముందు సికింద్రాబాద్‌లో ఆడాడు, కలకత్తాలో, గోవాలో, కేరళలో ఆడాడు, మధ్యలో కొన్నాళ్లు భిలాయిలోనూ ఆడాడు. ఎక్కడా కుదురుగా నిలవలేదు. ఈ సంబంధం తెచ్చింది అక్క పనిచేసే స్కూలు పెద్ద టీచరమ్మ. ఆవిడ ఆ ఊళ్ల పేర్లన్నీ గొప్పగా చెబుతుంటే ఒక్కో పేరుకీ నాన్న మొహం కొంచెం కొంచెం ముడుచుకుపోయింది.

"అన్ని జట్లు ఎందుకు మారాడమ్మా?" అన్నాడు.

"మంచిగ ఆడుతడు గదా, అందరు పిలుస్తరు."

"పిలిచినవాళ్లు ఉంచుకోలేదేం మరి?"

ఆవిడ టీ గ్లాసు కింద పెట్టి, పని ఉందని లేచింది.

అక్కకు మాత్రం ఏ అనుమానమూ లేదు. తను దుమ్ముగూడెంలో టీచరు. అక్కడి వేసవి టోర్నమెంటులో అతని ఆట చూసింది, తర్వాత పెద్ద టీచరమ్మ ఇంట్లో అతనితో మాట్లాడింది. ఇంటికొచ్చి అమ్మతో తేల్చి చెప్పేసింది. "చేసుకుంటే ఆయన్నే చేసుకుంటా. కాదంటే మళ్లీ నాకు సంబంధాలు చూడొద్దు." అక్క మొండితనం మా అందరికీ తెలుసు. నాన్న కాదంటే మా ఇంట్లో అక్కకిక పెళ్లి మాట ఉండదు. అమ్మ భయమంతా అదే.

నాన్న నన్ను వెంటబెట్టుకుని టోర్నమెంటు ఫైనల్‌కి బయలుదేరాడు. నేనప్పుడు టెన్త్ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాను. మైదానం చుట్టూ జనం, చెట్ల మీద కూడా జనం. సగం కేకలు నాకు అర్థంకాని అడవి ఊళ్ల భాషలో వినిపిస్తున్నాయి. తొమ్మిదో నంబరు చొక్కా వేసుకున్నవాడే మనవాడు. మిగతావాళ్లంతా పరుగులు తీస్తుంటే ఇతను నడుం మీద చేతులు పెట్టుకుని, వాన ఎప్పుడొస్తుందా అన్నట్టు నిలబడ్డాడు. చాలాసేపు అలాగే నిలబడ్డాడు. ఉన్నట్టుండి బంతి కాళ్ల దగ్గరికొచ్చింది, ఎడమ పక్కకి తిరిగి ఒక్క తన్ను తన్నాడు. గోల్. జనం లేచి ఎగిరారు. నేనూ ఎగిరాను.

నాన్న కదల్లేదు. "పని దొంగ" అన్నాడు. "అందరూ చెమటలు కక్కి తెచ్చిపెడితే ఆఖర్న ఒక్క తన్ను తన్ని పేరు కొట్టేశాడు."

"అతని పనే అది నాన్నా."

"నిలబడ్డమా? ఇంకోటి చూశావా, ఎంతసేపటికీ ఎడమ పక్కకే తిరుగుతాడు. కుడి పక్కకి తిరగడు. ఎక్కడో సుడి ఉంది."

నాకు ఒళ్లు మండింది. కానీ ఆ తర్వాత మ్యాచ్ అంతా నేను కూడా అతను ఎటు తిరుగుతున్నాడా అనే చూశాను. మా ఇంట్లో పుట్టినందుకు నాకూ ఆ జబ్బు అంటుకుంది. నిజంగానే అతను ఒక్కసారి కూడా కుడికి తిరగలేదు.

నెల తిరగకుండా నాకు కళ్లద్దాలు చేయించాలని నాన్న ఖమ్మం తీసుకెళ్లాడు. అద్దాలు చేతికొచ్చాక ఇంటి బస్సు ఎక్కకుండా కుసుమంచి బస్సు ఎక్కించాడు. అప్పుడర్థమైంది అసలు ప్రయాణం దేనికో. మనిషి సంగతి తెలుసుకోవాలంటే బంధువుల్ని అడగకూడదు, కటింగ్ షాపులో కూర్చోవాలి అనేది ఆయన పద్ధతి. బస్సు దిగగానే వెళ్లి గడ్డానికి కూర్చున్నాడు. నేను గుమ్మం పక్క బల్ల మీద కూర్చున్నాను.

మొహమంతా నురగ పట్టించాక నాన్న మెల్లగా కదిపాడు. ఫలానా ఫుట్‌బాల్ ఆడే అబ్బాయి ఎలాంటివాడు అని.

"అవ్, మంచి పిలగాడు" అన్నాడు షాపాయన, కత్తికి పదును పెడుతూ. "ఊరికొస్తే అందరితోని మంచిగ మాట్లాడ్తడు. తండ్రి లేడు, మేనమామే అన్ని జూస్తడు. నిన్ననే ఆయన ఈడ కూసోని గడ్డం గీకిచ్చుకున్నడు. పిల్లను జూస్తున్నరంట గని, ఆ పిల్ల తరఫోల్ల మీదనే జర డౌటుందన్నడు."

నాన్న అద్దంలో కళ్లు పెద్దవి చేశాడు. ఏదో అనబోయాడు. అప్పటికే కత్తి గొంతు మీదికి వచ్చింది.

"ఆళ్లది కోస్తా దిక్కు అంట. మొదలు బోనకల్ల భూమి కొన్నరంట. మల్ల గది అమ్ముకొని అడవి అంచుకు పోయిండ్రంట. మంచిగ బతికెటోడు ఊర్లెందుకు మారుతడు? ఆడ ఏదో జేసే ఉంటరు, గందుకే ఆళ్ల సంగతి అడగనీకె ఇయ్యాల ఆయన బోనకల్ పోయిండు. మీది ఏ ఊరన్నరు?"

నాన్న సగం గడ్డంతోనే లేచాడు. ఖమ్మం దాకా తువ్వాలు చెంపకు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. నాకు మొదట నవ్వొచ్చింది. బస్సు సగం దూరం వచ్చేసరికి నవ్వు పోయింది. మేము కోస్తా నుంచి ఎందుకొచ్చామో నాకూ తెలియదు. అప్పుడు నేను చంటిపిల్లని. బోనకల్‌లో పొలం బాగానే పండేది, దాన్నెందుకు అమ్మేశామో కూడా తెలియదు. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తరు. ఎత్తకపోవడం వింతగా ఉందని నాకు అంతవరకూ తోచలేదు.

"మనం ఎందుకొచ్చేశాం నాన్నా?" అని అడిగాను.

"కొత్తద్దాలు పెట్టుకున్నావుగా, కిటికీలోంచి చూడు" అన్నాడు.

వారం లోపే పెద్ద టీచరమ్మ కబురు మోసుకొచ్చింది. మేనమామ వద్దన్నాడట. ఊళ్లు మారిన ఇంటి పిల్ల తమకొద్దన్నాడట. నాన్న వీధిలోకి వినపడేలా అరిచాడు. "ఊరూరా తిరిగిన బంతి ఆటగాడికి మనం తక్కువయ్యామా? మనల్ని అనుమానిస్తారా వాళ్లు?"

అక్క వంటింట్లోంచి వచ్చింది. ఏడ్చిన కళ్లే గానీ గొంతు గట్టిగానే ఉంది. "ఆయన జట్లు ఎందుకు మారాడని నువ్వడిగావు. మనం ఊళ్లు ఎందుకు మారామని వాళ్లడిగారు. మీ ఇద్దరిలో ఒక్కరన్నా జవాబు చెప్పండి. మధ్యలో నన్ను చంపకండి."

నాన్న కొట్టం వైపు వెళ్లిపోయాడు. ఆ పూట ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు.

ఆదివారం పొద్దున అతనే వచ్చాడు. మేనమామకు చెప్పకుండా వచ్చాడు. రోడ్డు మీద బస్సు దిగి మా ఇంటి వైపు నడిచొస్తుంటే, ఎద్దులకు కుడితి పెడుతున్న నాన్న బకెట్టు అక్కడే వదిలేసి అతని కాళ్లకేసి చూస్తూ నిలబడ్డాడు. మా వాకిలి ముందు చిన్న ఎత్తు ఉంది. అతను అది ఎక్కేటప్పుడు ఎడమ కాలే ముందు వేశాడు.

"కుడి మోకాలు" అన్నాడు నాన్న, పలకరింపు లేకుండా.

అతను ఆగాడు. దాచుకుందామని చూడలేదు. "అవ్. కుడిదే. కలకత్తల పోయింది. వానలు పడ్డయంటే వాస్తది. సీజన్ మొదట్ల ఎవరికి తెల్వదు, ఆఖరుకు తెలుస్తది. వాల్లు పొమ్మనకముందే నేనే ఎల్లిపోత. గంతే నా కథ. ఎవ్వరితోని లొల్లి లేదు, ఎక్కడ తప్పు జెయ్యలే. ఈడ నౌకరి పర్మనెంట్ అయింది. ఇగ బంతి తన్నకున్నా ఫ్యాక్టరీల పని ఉంటది. ఈ సంగతి మీ బిడ్డకు మొదటి దినమే జెప్పిన."

అక్క గుమ్మంలో నిలబడి ఉంది. తనకు ముందే తెలుసు! మాకెవ్వరికీ ఒక్క ముక్క చెప్పలేదు. అక్క మీద నాకు కోపమూ వచ్చింది, గర్వమూ కలిగింది.

"నాది అయిపోయింది" అన్నాడు అతను. "ఇగ మీరు చెప్పుండ్రి. మీరెందుకు ఊర్లు మారిండ్రు? మామకు నేను ఏదో ఒకటి చెప్పాలె గదా."

అమ్మ చేతిలో చేట అలాగే ఆగిపోయింది. నాన్న ఎద్దు మెడ మీద చెయ్యేసి చాలాసేపు నేలకేసి చూశాడు. ఆయన మొహం అంత చిన్నబోవడం నేనెప్పుడూ చూడలేదు. చివరికి అతని వైపు కాకుండా నా వైపు తిరిగాడు.

"గుడ్లప్పగించి చూస్తావేం? మీ బావకు కాళ్లు కడుక్కోడానికి నీళ్లియ్యి."

నేను చెంబు తెచ్చి నీళ్లు పోశాను. బావ వంగి కాళ్లు కడుక్కుంటూ నాకు మాత్రమే వినపడేలా అన్నాడు. "మీ నాయన గట్టోడు. నాది అడిగి తీస్కున్నడు, తనది ఇయ్యలే." ఆ మాటకి తనే నవ్వాడు.

మేనమామకు బావ ఏం చెప్పాడో నాకు తెలియదు. పెళ్లి మాత్రం జరిగింది. ఆ తర్వాత బావ ఇంకే జట్టుకూ పోలేదు. అక్కా, ఆయనా ఆ ఫ్యాక్టరీ క్వార్టర్లోనే పిల్లల్ని పెంచారు. నాన్న అక్కడికి వెళ్లినప్పుడల్లా బావతో కలిసి గోదావరి గట్టు మీదికి నడకకు బయలుదేరేవాడు. గట్టెక్కే చోట మోకాలి బాధ చూసి తనే చెయ్యందించేవాడు. ఒకసారి నేను వెనక నుంచి వెళ్లేసరికి నాన్న తల దించుకుని ఏదో చెబుతున్నాడు, బావ ఆయన భుజం మీద చెయ్యేసి వింటున్నాడు. నన్ను చూసి ఇద్దరూ మాట ఆపేశారు.

నాన్న పోయాక, ఆ రోజు గట్టు మీద ఏం చెప్పాడని బావను అడిగాను. గట్టు మీద గాలి బాగుంటుందని చెప్పి, మోకాలు రుద్దుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు.