బాలకిష్టయ్య చేసిన బండి

తుప్పుపట్టిన మోటారు సైకిళ్లకు ప్రాణప్రతిష్ఠ చేసిన బాలకిష్టయ్య ఇక లేరు. పోయిన నెల మహబూబ్‌నగర్ దవాఖానలో మాట్లాడుతూ మాట్లాడుతూనే కన్నుమూశారు. ఆయన భార్యను నేను. ఈ అశనిపాతం నుంచి ఇంకా తేరుకోలేదు. పొద్దున దుకాణం షట్టర్ చప్పుడైతే ఆయనే అనుకుని చాయ్ గిన్నె పొయ్యి మీద పెడుతున్నాను. దుఃఖం కొంత చల్లారాక నాలుగు మాటలు రాద్దామనుకున్నాను. చల్లారనివ్వని మనిషి ఒకడున్నాడు. అతని సంగతీ చెబుతాను.

బస్టాండు వెనక ఆ దుకాణం మా మామ పెట్టింది. ఇంజిన్ పని మా ఆయనది, వెల్డింగు మా మరిదిది, ట్యాంకు మీద బంగారు గీతలు నావి. పెండ్లయిన కొత్తలో నా ముగ్గులు చూసి ఆయనే నా చేతికి ఉడుత వెంట్రుకల కుంచె ఇచ్చారు. “కొత్తగ చేసుడు మన పని కాదే. పుట్టిన్నాడు ఎట్లుండెనో గట్ల నిలబెట్టాలె” అనేవారు. ఒక చిన్న మరమేకు కోసం ఊరూరా పాత ఇనుము దుకాణాలు గాలించిన తపస్వి ఆయన.

అంత పట్టుదల గల మనిషే అమ్రాబాద్ దిక్కు గొర్ల కాపరి వస్తే మెత్తబడ్డారు. వాళ్ల బాపు నడిపిన బుల్లెట్, కొట్టంలో పడి ఉండి కోళ్లకు నిలయమైంది. దాన్ని బాగుచేయాలి, అప్పుడే పుట్టిన గొర్రెపిల్లలను మంద నుంచి ఇంటికి తెచ్చుకునేందుకు పక్కన గంప కూడా కావాలన్నాడు. ఈయన ఇనుప గంప చేసి, లోపల గోనెసంచి కుట్టి, ఒక గొర్రెపిల్లను కూర్చోబెట్టుకుని బస్టాండు చుట్టూ తిరిగారు. జనం ఒకటే నవ్వు. అది గంపలోనే ఉచ్చ పోసింది. భయపడ్డదని చెప్పి, అంచులు ఎత్తు చేసి మళ్లీ తిప్పారు. పట్నం దొరల బండికి పెట్టే మెరుపే ఆ గంపకూ పెట్టారు.

ఆయనకు కోపం రాదని కాదు. వస్తే బట్ట తీసుకుని చక్రాల చువ్వలు తుడిచేవారు. నోరు మాత్రం విప్పరు. ఆ లోటు తీర్చడానికే దేవుడు నన్ను ఆయనకు కట్టబెట్టాడేమో.

ఇక మొదట అన్న ఆ పెద్దమనిషి సంగతి. హైదరాబాదులో పాత బండ్లు పోగుచేసే షోకు అతనిది. చట్రం, ట్యాంకు తప్ప ఏమీ మిగలని బండిని తెచ్చి మా వాకిట్లో పడేశాడు. ఈయన రెండు వానకాలాలు దాని మీదే కూర్చున్నారు. అది పట్నంలో పాత బండ్ల పోటీకి పోయింది, మొదటి బహుమతి కొట్టింది. మేమూ పోయాం. ఈయన బండిని లోపల పెట్టడానికి వెళ్లినప్పుడు పత్రికాయన నా దగ్గరికొచ్చి ఎవరు చేశారని అడిగాడు. మా ఆయన అన్నాను. పేరేమిటన్నాడు.

మా దిక్కు ఆడవాళ్లం పెనిమిటి పేరు నోట పలకం. పలికితే ఆయుష్షు తగ్గుతుందని మా అవ్వ చెప్పేది. మరిది కనబడితే చెప్పిద్దామని నేను అటూ ఇటూ చూస్తుంటే, ఆ పెద్దమనిషి నడుమ దూరాడు. “ఆమెకు సిగ్గులెండి. నా పేరు రాసుకోండి, అంతా మా వర్క్‌షాపు పనే” అన్నాడు.

తెల్లారి పత్రికలో అతని ఫొటో వచ్చింది. ఈయన చువ్వలు తుడుచుకుంటూ, “పోనీయే, బండి నడుస్తాంది గదా” అన్నారు. నేను పోనీయలేదు. అన్నం కలుపుకున్నప్పుడల్లా ఆ మొహం గుర్తొచ్చి ముద్ద దిగేది కాదు. క్షమాగుణం ఆ మహానుభావుడిది. నాకది అంటలేదు, అంటాలని కోరికా లేదు.

దశదినకర్మ అయిన మర్నాడు పాత బండ్లవాళ్ల ఫోన్ గ్రూపులో ఆ పెద్దమనిషి సంతాపం పెట్టాడు. “నా దగ్గర పనిచేసిన నమ్మకమైన మెకానిక్” అని రాశాడు. నా ఒళ్లు భగ్గుమంది. అదే వారం, బహుమతి కొట్టిన ఆ బండినే పంపాడు. ట్యాంకు గీరుకుపోయిందట, మళ్లీ పోటీ ఉందట, ఆ గీతలు ఇంకెవరికీ రావడం లేదట. సరే, గీస్తానన్నాను.

గీశాను. జన్మలో అంత బాగా గీయలేదు. ట్యాంకుకు రెండు పక్కలా, గీతల నడుమ, బంగారు అక్షరాలతో బాలకిష్టయ్య అని రాసి, చెరగకుండా పైన లక్కర్ పూత కొట్టి ఎండబెట్టాను. ఇంక తగ్గడానికి ఆయుష్షెక్కడిది?

తీసుకుపోవడానికి తానే వచ్చిన ఆ పెద్దమనిషి మొహం నల్లబడింది. ఇదేంటమ్మా అన్నాడు.

“ఆనాడు పేరు రాసుకోమంటిరి గదా సార్. గీసారి సరిగ్గ రాసిన” అన్నాను.

చెరిపేయమన్నాడు. చెరిపితే గీతలూ పోతాయి, మళ్లీ గీసేది లేదన్నాను. పోటీ దగ్గర పడింది. అలాగే బండి ఎక్కించుకుపోయాడు.

ఆ రోజు ఎన్నో ఏండ్లకు కడుపునిండా తిన్నాను. తిని, చెయ్యి కడుక్కుని, ఆయనకు చెబుదామని దుకాణంలోకి పోయాను. ఆయన లేరు.