నూనె కారిన సాక్ష్యం

“క్రిస్మస్ దాటనియ్యి బిడ్డా, చర్చిల ఒక్క కుర్చీ ఉండదు. చిన్న పెద్ద అందరం చాపల మీదనే కూసుందాం.”

ఈ మాట ఆత్మకూరు దగ్గర మా ఊరి పాస్టర్ అయ్యగారిది. క్రిస్మస్ దాటింది. కుర్చీలు పోలేదు సరికదా, రెండో వరుస కూడా వచ్చింది. ముందు ఉద్యోగస్థులు కుర్చీల్లో, వెనక కూలికి పోయేవాళ్లు చాపల మీద. దీని మీద మొన్న ఆదివారం తిరుగుబాటు చేశాను. చాయ్ గ్లాసులు కింద పెట్టి వినండి, మీద పోసుకుంటారు.

వనపర్తి నుంచి బస్సులో వస్తూ ప్రసంగమంతా నెమరేసుకున్నాను. సమానత్వం భిక్ష కాదు, హక్కు. మౌనం అన్యాయానికి వంతపాడుతుంది. ఇట్లాంటివి నా దగ్గర సంచెడు ఉన్నాయి. దేవుడు చేసిన మేలు లేచి చెప్పుకునే సాక్ష్యాల వేళ చెయ్యెత్తాను. మైకు చేతికొచ్చింది.

అప్పుడు పట్టుకుంది భయం. ఎదురుగా మొదటి కుర్చీలో సంఘపెద్ద దేవదానం సారు. మా నాయన పోయినప్పుడు సమాధి తవ్వడానికి ముందుగా గడ్డపార పట్టింది ఆయనే. ఆయనకు కోపమొచ్చి “ఇంక రాకు” అంటే? వనపర్తిలో అద్దె గదిలో పోటీ పరీక్షలకు చదువుకునే నన్ను వారమంతా ఎవరూ పేరు పెట్టి పిలవరు. పిలిచేది ఇక్కడే.

“ప్రభువు నామంలో మీకందరికీ వందనాలు” అన్నాను. సాక్ష్యం అట్లనే మొదలుపెట్టాలి. అందరూ “వందనాలు” అన్నారు. తర్వాతి మాట రాలేదు. ఏదో ఒకటి అనాలి కదా, మళ్లీ వందనాలన్నాను. వాళ్లూ మళ్లీ అన్నారు. మూడోసారికి దేవదానం సారు కళ్లద్దాలు తీసి చూశాడు. నా పళ్లు టకటకమన్నాయి, అది కూడా స్పీకర్లో వినిపించింది.

చాపల మీద నుంచి సుందరమ్మ అత్త లేచింది. “స్తోత్రం. పిలగాన్ని ప్రభువు ముట్టిండు.”

అంతే, సంఘమంతా లేచి గట్టిగా ప్రార్థన అందుకుంది.

“ముట్టలేదత్తా, నేను కుర్చీల గురించి...”

మైకు అప్పటికే ఎవరో లాగేసుకున్నారు. ప్రార్థన నూనె సీసా మొత్తం అత్త నా నెత్తిన వంచింది. నూనె కళ్లలోకి దిగింది. మంటకు బొటబొటా నీళ్లు.

“సూడుండ్రి, ఎట్ల కరుగుతుండో” అన్నది అత్త.

కళ్లు కనబడక తూలాను. దేవదానం సారే పొదివి పట్టుకుని తన కుర్చీలో కూర్చోబెట్టాడు. “భయపడకు కొడుకా, మేమున్నం గద.” లేవబోతే అత్త భుజం నొక్కింది. ఆరాధన అయ్యేదాకా మొదటి వరుసలో, మెత్త వేసిన కుర్చీలో, నూనె కారుతూ నేను. ఆయన పోయి చాప మీద కూర్చున్నాడు.

బయట చెప్పుల దగ్గర అయ్యగారిని ఆపాను. ఆయనే ముందు అడిగాడు.

“ఇంతకూ ఏం చెప్దామని లేసినవ్ బిడ్డా?”

“కుర్చీలు తీసేస్తమన్నరు గదా అయ్యగారూ. ఎప్పుడు తీస్తరు?”

“జర ఆగు. పెద్దోళ్లు నొచ్చుకుంటరు.”

“ఈస్టర్‌కు ముందొచ్చే మట్టల ఆదివారం లోపల చెప్పాలె.”

“చెప్పకుంటే? చర్చికి రావా?”

“రాకుండ యాడికి పోత అయ్యగారూ. మళ్ల మైకు పట్టుకుంట.”

ఆయన ముఖం మారింది. “వద్దు బిడ్డా. నూనె అయిపోయింది.”

సుందరమ్మ అత్త కొత్త సీసా తెప్పించిందని విన్నాను. తెప్పించుకోనీ. గడువు మాత్రం మట్టల ఆదివారమే.