హెడ్ గుమాస్తా మీద రాసిన వాక్యాలు

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో మా ఆఫీసు ఒక డేరాలో నడిచేది. నేను కొత్త గుమాస్తాను, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఖాయం చెయ్యమని రాయాల్సింది మా హెడ్ గుమాస్తా.

మా ఊళ్లో అర్జీలన్నీ 'ఐ బెగ్ టు స్టేట్' అని మొదలయ్యేవి. ఇంగ్లీషు ఉత్తరమంటే అదే మొదలనుకుని, ఒక కరణానికి పంపే ఆర్డరు కూడా అలాగే మొదలుపెట్టాను. హెడ్ గుమాస్తా దాన్ని డేరా అంతా వినేలా చదివాడు.

"ఏమప్పా, ఈ ఇంగిలీసు యాడ నేర్చుకుంటివి? నందికొట్కూరు సంతలోనా? సర్కారు పోయి కరణాన్ని అడుక్కుంటాదా?"

అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి నా పేరు బిచ్చప్ప. నా పెళ్లి శుభలేఖ పంచినప్పుడు కూడా ఆయన అదే పేరుతో పిలిచాడు. కడుపు మండిపోయింది.

అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, ఒక నోటుబుక్కు కొని పగ తీర్చుకున్నాను. రోజుకో ఇంగ్లీషు పదబంధం, దానికి ఐదు సొంత వాక్యాలు. అన్నిటిలోనూ ఆయనే. 'ఇన్ స్పైట్ ఆఫ్' కింద, ఎంత నూనె రాసినా ఆయనకు వెంట్రుక మొలవలేదని రాశాను. 'ఆజ్ ఎ రూల్' కింద, అన్నం తిన్నాక ఆయన మామూలుగా ఫైళ్ల మీద గురక పెడతాడని రాశాను. ఏడాదికల్లా నా డ్రాఫ్టుల మీద ఆఫీసరు ఎర్రసిరా పెట్టడం మానేశాడు.

అప్పుడొచ్చాడు హెడ్ గుమాస్తా.

"మా పాప ఇంగిలీసులో తప్పిందప్పా. నీ నోటుబుక్కు నాలుగు దినాలు ఇయ్యి."

ఇస్తే ఉద్యోగం పోవచ్చు. కొన్ని పేజీలు చింపి ఇవ్వొచ్చు. చింపలేదు. కూతురి ముందు ఆయన పరువు పోనీ అనుకుని మొత్తం ఇచ్చాను.

ఐదో రోజు నోటుబుక్కు తిరిగి ఇచ్చాడు. "పాప శానా నవ్వుకుంటా చదివిందప్పా. బాగుండాదంట."

ఆయన తెరిచి చూడలేదని అర్థమైంది. నేను తెరిచాను. చివరి పేజీలో గుండ్రటి చేతిరాతతో ఒక ఇంగ్లీషు వాక్యం ఉంది. 'ఇన్ స్పైట్ ఆఫ్', 'ఫర్ ఫియర్ ఆఫ్' రెండూ వాడింది, ఒక్క తప్పు లేదు. జవాబులు తెలిసి కూడా, తప్పు రాస్తే నాన్న నవ్వుతాడన్న భయంతో పరీక్షలో కాగితం ఖాళీగా ఇచ్చి వచ్చానని దాని అర్థం.

ఆ పిల్ల మీద జాలి వేసింది. ఆయన మీద వెయ్యలేదు, ఇప్పటికీ వెయ్యదు. పాప ఏమైనా రాసిందా అని ఆయన అడిగి ఉంటే చదివి వినిపించేవాణ్ణి. ఆయన అడగలేదు.