ముందు నా మందులు చూడండి

మేడం పోయారని కోడలు వచ్చి చెప్పినప్పుడు నేను పొద్దుటి బీపీ గోలీ చేతిలో పట్టుకుని నీళ్ల కోసం చూస్తున్నాను. గుండె నొప్పి వచ్చిందట, దవాఖానకు తీసుకెళ్లేలోపే అయిపోయిందట. నేను ముందు గోలీ వేసుకున్నాను. మేడం ఉంటే మొదట అదే అడిగేవారు. ఆ తరువాతే ఏడ్చాను.

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే కోడలు రాస్తోంది. నా మాటలను నున్నగా చెయ్యొద్దని ముందే చెప్పాను, అయినా చేస్తూనే ఉంది. చెయ్యనీ. చెప్పాల్సింది మాత్రం నాదే. మేడం సగంలో వదిలి వెళ్లిన పని మా గల్లీలో ఆగిపోబోయింది. ఆగకూడదని నా వాదన. ఎందుకో చదివినవాళ్లకు తెలియాలి.

ఆమె ఎల్బీ నగర్ అవతల ఒక కాలేజీలో మందుల శాస్త్రం చెప్పేవారు. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు వెనక, మా గల్లీ చివరింట్లో కిరాయికి ఉండేవారు. గుంటూరు వైపు మనిషి. డాక్టరు రాసిన మందు ఇంటికి వచ్చాక దాన్ని జనం ఏం చేస్తారన్నది ఆమె పరిశోధన. ఎవరు మధ్యలో మానేస్తారు, ఎవరు మిగిలినవి దాచి పక్కింటివాళ్లకు పంచుతారు, ఇవన్నీ. ఉద్యోగంలోంచి రిటైరయ్యాక కూడా ఇద్దరు విద్యార్థినులను వెంటబెట్టుకుని అవే ఇళ్లకు మళ్లీ మళ్లీ తిరిగేవారు.

మొదటిసారి మా గడప దగ్గర నిలబడినప్పుడు ఆమె అన్న మాట ఇది:

"పెద్దమ్మగారూ, మీ మందుల సంచి ఒకసారి చూపిస్తారా?"

"ఎందుకు? నువ్వేమన్న పోలీసువా?"

"కాదండీ. పాఠాలు చెప్పుకునేదాన్ని."

"అయితె పోయి పిల్లలకు చెప్పుకో. నా గోలీలతోని నీకేం పని?"

నేను ఎవరినైనా నువ్వనే అంటాను. ఇంకొకరైతే ముఖం మాడ్చుకుని వెళ్లిపోయేవారు. ఆమె చెప్పులు బయట వదిలి, వచ్చి చాప మీద కూర్చుని, తన చేతిసంచిలోంచి చిన్న గుడ్డసంచి తీసి బోర్లించారు. షుగర్ గోలీలు, గుండెకు వేసుకునేవి, కంటి చుక్కల సీసా.

"ముందు నా మందులు చూడండి. ఏమైనా అడగండి. తరువాత మీకిష్టమైతేనే."

"గింత చదువుకున్నవు, నీకు షుగరెట్ల వచ్చింది?"

"సగం మా నాన్న ఇచ్చారండీ. సగం మైసూర్‌పాక్ ఇచ్చింది."

నవ్వు ఆగక లోపలికి వెళ్లి, మేకుకు వేలాడుతున్న క్యారీబ్యాగు తెచ్చి ముందు పెట్టాను. అప్పుడు కూడా ఆమె చెయ్యి పెట్టలేదు. రెండు చేతులూ ఒడిలో ఉంచుకుని "చూడనా?" అన్నారు. నేను తలూపాకే ముట్టుకున్నారు. తరువాత ఎన్నిసార్లు వచ్చినా అంతే. "ఇంగ అడుగుడెందుకు, చూడరాదు" అని కసిరినా అడగడం మానలేదు.

ఆ రోజుల్లో నాకు ఊరికే తల తిరిగేది. ఒకసారి కూరగాయలకు పోయి మెట్రో పిల్లర్‌ను కౌగిలించుకుని నిలబడ్డాను. వయసని కోడలు అనేది, దిష్టి అని నేను అనేదాన్ని. మేడం కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, రెండు గోలీల షీట్లను వెలుతురుకు పెట్టి చూశారు.

"ఈ తెల్లదీ ఈ గులాబీరంగుదీ రెండూ వేసుకుంటున్నారా?"

"ఏసుకోనా మరి? తెల్లది సర్కారు దవాఖానల ఇచ్చిన్రు. గులాబీది వనస్థలిపురం డాక్టర్ రాసిండు."

"రెండూ ఒకటే బీపీ మందండీ, రెండింతలు పడుతోంది. కంపెనీలు వేరు, అంతే."

"రంగు వేరైతె మందు వేరే గద! నాకు అచ్చరం రాదు. రంగే చదువుత. నాది తప్పెట్ల అయితది?"

నేను గొంతు పెంచాను. ఆమె పెంచలేదు. "తప్పని నేననలేదు పెద్దమ్మగారూ. రంగుతో గుర్తుపడతారా అని మేము ఇన్నాళ్లూ ఏ ఇంట్లోనూ అడగలేదు. ఇకనుంచి అడుగుతాను" అన్నారు. అలాగని తానే ఏ గోలీనీ మానేయమనలేదు. అప్పుడే ఆటో పిలిచి నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, రెండు షీట్లూ ఆయన బల్ల మీద పక్కపక్కన పెట్టారు. ఆయన ఒకటి ఆపేశారు. పిల్లర్లను కౌగిలించుకునే పని నాకు తప్పింది.

షీటు కోసేటప్పుడు గడువు తేదీ ఉన్న కొసను చివరిదాకా ఉంచమనేవారు. "మందు మంచిదా చెడ్డదా అని అడక్కండి. ఎవరికి, ఎంత, ఎన్నాళ్లు అని అడగండి" అనేవారు. చాయ్ ఎప్పుడూ సగం కప్పే, చక్కెర లేకుండా. ఆ సగం తాగడానికి గంట పట్టేది, ఎందుకంటే నేను మాట్లాడుతుంటే ఆమె వినేవారు.

మా ఇళ్ల గురించి ఇంగ్లీషులో రాసిందేదో అచ్చయినప్పుడు, ఆ కాగితాలు తెచ్చి మా మెట్ల మీద కూర్చుని తెలుగులో చెప్పారు. మీ గురించి ఏం రాశానో మీకు తెలియాలి కదా అన్నారు.

"నా పేరు పెట్టినవా?"

"పెట్టకూడదండీ. అది మా నియమం."

"మరి గది నేనే అని ఎట్ల తెలుస్తది?"

"మీకు తెలుసు, నాకు తెలుసు. చాలదా?"

అప్పుడు చాలదనిపించింది. ఇప్పుడు చాలనిపిస్తోంది. ఆమె పేరు ఇక్కడ రాయించకపోవడం అందుకే.

కర్మలన్నీ అయ్యాక ఆ ఇద్దరమ్మాయిలూ గల్లీకి వచ్చారు. ఒక్క ఇంటివాళ్లూ మందుల సంచి చూపించలేదు. ఇదివరకు చూసిన ఇళ్లను మళ్లీ చూడకపోతే మేడం పడిన కష్టం అక్కరకు రాదట. ఎదురింట్లో బట్టలు కుట్టే ఆమె మిషను ఆపకుండానే అన్నదట, "మేడం ఉన్నదని చూపిచ్చినం. మీరెవలు? అయినా మందులు చదివినామెకే మందు పనిచెయ్యకపాయె." ఒకమ్మాయి నా మెట్ల మీద కూలబడి "అమ్మమ్మా, గిట్లయితే ఇంక మేం రాము" అంది.

నేను కర్ర అందుకుని ఆ పిల్లను వెంటబెట్టుకుని ఎదురింటికి నడిచాను.

"ఏమే, మందులు చదివితె సావు రాదని నీకు మేడం చెప్పిందా?"

"గట్ల కాదు పెద్దమ్మా..."

"నీ జాకెట్లు నువ్వే కుట్టుకుంటవ్ గద. అయి చినుగుతలేవా?"

మిషను ఆగింది. ఆమెకు నవ్వు వచ్చినట్టే ఉంది గానీ లేవలేదు. ఇదే సమయమనుకుని ఆ అమ్మాయి కాగితాలు తీసి "ఆంటీ, సంచి ఇస్తరా?" అని చెయ్యి చాచింది. నేను కర్ర అడ్డం పెట్టాను.

"ఆగు బిడ్డా. ముందు నీయి తియ్."

"నాయా?"

"నీ గోలీలు. నువ్వేం మింగవా?"

పిల్ల ఎర్రబడింది. నా వైపు చూసి, ఏదో గుర్తుకొచ్చినట్టు చెప్పులు విడిచి గడప లోపల బండ మీద కూర్చుంది. కాలేజీ బ్యాగులోంచి థైరాయిడ్ గోలీల సీసా, కడుపునొప్పి గోలీల షీటు తీసి వరుసగా పెట్టింది. కుట్టే ఆమె కుర్చీలోంచే మెడ చాచింది.

"గీ ఈడుకే థైరాయిడా?"

"అవునాంటీ. పరగడుపున వేసుకోవాలె. మర్చిపోత."

"దిండు కింద పెట్టుకోరాదే!"

విసుక్కుంటూనే లేచి లోపలికి వెళ్లింది. ముడి వేసిన క్యారీబ్యాగు తెచ్చి, ముడి విప్పకుండా పిల్ల ముందు పెట్టింది.

పిల్ల రెండు చేతులూ ఒడిలో పెట్టుకుంది. "చూడనా ఆంటీ?"

గోలీల షీటు ఎండకు బండ మీద మెరుస్తోంది. ఆమె తలూపేదాకా ఆ చేతులు ఒడిలోంచి కదల్లేదు.