మేనత్త కలిపిన గ్లాసు

సముద్రం వైపు తెరుచుకునే ఆ హోటల్లో రమ్ము కలిపేది ఒక నడివయసు ఆడమనిషి. తువ్వాలు నడుముకు బిగించి, అనాస ముక్కలకు చిటికెడు ఉప్పు రాసి, నాలుకను కొరికే వాటి పొగరు దిగాకే రసం పిండుతుంది. అందులో చిక్కటి కొబ్బరిపాలు, రమ్ము, ఐసు పోసి, షేకర్‌ను చెవి పక్కన పెట్టుకుని గిలకొడుతుంది. లోపలి చప్పుడు మెత్తబడగానే గ్లాసులోకి వంపేస్తుంది. ఇదంతా ఒకప్పుడు అదే కౌంటర్లో పనిచేసిన మేనత్త నేర్పిన విద్య. అసలు ఆ డ్రింకు పుట్టిందే ఆవిడ చేతుల్లో. యజమాని మాత్రం వచ్చిన ప్రతివాళ్లకూ "మా నాన్నగారు కనిపెట్టారండీ" అని చెప్పుకుంటాడు. ఇన్నాళ్లూ పళ్లు బిగబట్టి విన్న మనిషి ఆ సాయంత్రం షేకర్‌ను ఠక్కున కింద పెట్టింది.

"రమ్ము మీది, గ్లాసు మీది. మొదట కలిపింది మాత్రం మా మేనత్త. మీ నాన్నగారికి నిమ్మకాయ కోయడం కూడా రాదు."

"నోరు లేస్తోంది నీకు! రేపట్నుంచి గిన్నెలు తోముకో, పో."

మర్నాడు కొత్త అతిథుల ముందు ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఈ డ్రింకు ఎవరు కనిపెట్టారో తెలుసాండీ?"

"మా మేనత్త!" వంటింట్లోంచి గిన్నెల మోతను మించి జవాబొచ్చింది. ఆ వెనకే తోమేవాళ్లంతా అందుకున్నారు: "అవును, వాళ్ల మేనత్తే!"