సరస్సు వైపు టవర్ కాపలాదారు

మా ఊళ్లో యోతాముని మెచ్చుకోని మనిషి లేడు, తిట్టని మనిషీ లేడు. మెచ్చుకునేది ప్రాణాలు కాపాడతాడని. తిట్టేది చేపలు బాగా పడే వేళకే ఫోన్ చేసి ఒడ్డుకి రమ్మంటాడని.

సరస్సు పక్క గుట్ట మీద ఫోను టవర్‌కి అతను కాపలాదారు. కంపెనీ అతనికి అప్పజెప్పింది కంచె, తాళం, జనరేటర్, అది రోజుకి ఎన్ని గంటలు నడిచిందో రాసే పుస్తకం. మ్వేరా సంగతి ఎవరూ అప్పజెప్పలేదు. దక్షిణం నుంచి లేచే ఆ గాలి, ఒడ్డున టీ కాచుకునే నాకైతే వచ్చి మీద పడ్డాకే తెలుస్తుంది. యోతాముకి పైనుంచి అరగంట ముందే దూరాన నీళ్లు తెల్లబడటం కనిపించేది. ఇక పడవలకి వరసపెట్టి ఫోన్లు.

"ఒరే, వల ఎత్తు. వస్తోంది."

"ఇప్పుడే వేశాం బాబాయ్. ఒక్క పావుగంట."

"పావుగంట ఆగితే నీ చావు కబురు నీ పెళ్లానికి నేను చెప్పాల్సొస్తుంది. ఎత్తు."

ఒక్కసారి మాత్రం అతని ఫోను పనిచెయ్యలేదు. ఆ ఏడు దేశమంతా డీజిల్ కరువు. తొమ్మిది రోజులు లారీ రాలేదు, అయిదో రోజుకే టవర్ ఆగిపోయింది. ఏడో రోజున నీళ్లు తెల్లబడటం అతను చూశాడు. అరిచాడు, చొక్కా విప్పి ఊపాడు. అంత దూరానికి ఎవరికి కనిపిస్తుంది? అతని తమ్ముడు జైలోస్, ఇంకో ఇద్దరు మునిగిపోయారు. దేహాలు కూడా దొరకలేదు.

ఆ తర్వాత నుంచి యోతాము పుస్తకంలో రోజూ ఓ గంట ఎక్కువ రాయడం మొదలుపెట్టాడు. గంటల్ని బట్టే లారీవాళ్లు డీజిల్ పోసేవాళ్లు. కాలకుండా మిగిలింది క్యాన్లకెత్తి గుడిసె వెనక గుంటలో దాచేవాడు. లారీ ఆలస్యమైన రోజుల్లో తీసి జనరేటర్‌లో పోసేవాడు. ఒక్క లీటరు కూడా అమ్ముకోలేదు. మళ్లీ ఎప్పుడూ మా టవర్ ఆగలేదు. ఈ సంగతి తెలిసింది జైలోస్ భార్య న్యాలోంగ్వెకి ఒక్కదానికే. నాకు తెలిసేసరికి అంతా అయిపోయింది.

మార్కెట్ వెనక ఇంకో ఫోను కంపెనీ టవర్ ఉండేది. ఉన్నట్టుండి రెండు కంపెనీలూ తమ టవర్లన్నీ మూడో కంపెనీకి అమ్మేశాయి. ఈ మూడోదానికి ఫోన్లతో పనిలేదు. ఇనుప స్తంభాలు కొని, వాటి మీద చోటు అద్దెకివ్వడమే దాని వ్యాపారం. ఇద్దరి సిగ్నల్ పెట్టెలూ ఒక్క టవరే మొయ్యగలిగితే, ఒకే ఊళ్లో రెండు టవర్లెందుకు, రెండు జనరేటర్లెందుకు అంది. మాట సబబుగానే ఉంది. నేను మాత్రం ఒక కెటిల్‌కి రెండు పొయ్యిలు వెలిగిస్తానా?

ఏ టవర్ ఉంచాలో తేల్చడానికి రాజధాని లిలాంగ్వే నుంచి తియంజానె అనే అమ్మాయి వచ్చింది. మర్యాద తెలిసిన పిల్ల. నా బల్ల మీదే రెండు టవర్ల పుస్తకాలూ పరుచుకుని యోతాముని పిలిపించింది. పక్కనే న్యాలోంగ్వె చాప మీద చేపలు ఎండబెడుతోంది.

"పెద్దాయనా, రెండూ గట్టి టవర్లే. తేడా డీజిల్ దగ్గరే వస్తోంది," అంది ఆ పిల్ల. "మీ జనరేటర్ చాలా ఎక్కువ తాగుతోంది. నిజంగా ఇంత తాగుతుందా?"

ఆ నెలలోనే పక్క జిల్లాలో ముగ్గురు కాపలాదారుల్ని డీజిల్ దొంగలని జైల్లో వేశారు. యోతాము తన చెప్పుల వంక చూసుకున్నాడు.

"తాగుతుందమ్మా. ముసలి ఇంజను."

న్యాలోంగ్వె చెయ్యి చేపల మీద ఆగిపోయింది. ఎండకి కళ్లు తిరిగాయేమో అనుకున్నాను.

"కానీ అమ్మా, మా టవర్ తీసేస్తే నీళ్ల మీద సిగ్నల్ ఉండదు. మార్కెట్‌కీ సరస్సుకీ మధ్య గుట్ట అడ్డం," అన్నాడతను.

ఆమె మ్యాప్ అతని వైపు తిప్పింది. "ఈ చుక్కలన్నీ ఇళ్లు. సరస్సులో ఒక్క చుక్కా లేదు, చూడండి. నీళ్ల మీద జనాభా లేదు కాబట్టి అది లెక్కలోకి రాదు. ఖర్చు తక్కువైతే మీదే ఉంచమని రాసేదాన్ని. ఇంత తాగుతుంటే ఏమని రాయను?"

అతను తన పుస్తకం మూసి ఆమె వైపు జరిపాడు. ఆమె టీ తాగి, దణ్ణం పెట్టి లేచింది.

"బావగారూ, కారు ఇంకా కదల్లేదు," అంది న్యాలోంగ్వె.

"ఏం చెప్పమంటావ్? దొంగనై జైలుకి పోనా?"

"నా కొడుకు రోజూ ఆ నీళ్ల మీదకే పోతున్నాడు."

వాళ్లేం మాట్లాడుకుంటున్నారో నాకు బోధపడలేదు. గ్లాసులు కడుక్కుంటూ ఉండిపోయాను. కారు వెళ్లిపోయింది.

అక్టోబర్‌లో మనుషులొచ్చి నాలుగు రోజుల్లో టవర్ విప్పేశారు. పుస్తకం ఒక్క కొట్టివేత లేకుండా రాశాడని మెచ్చుకుని, యోతాముని మార్కెట్ టవర్ దగ్గర కాపలాకి పెట్టారు. కొత్త యూనిఫాం ఇచ్చారు. దాన్ని చూస్తే నాకే ఒళ్లు మండేది, తొడుక్కున్నవాడికి ఎలా ఉండేదో.

డ్యూటీ లేనప్పుడల్లా ఆ బోడిగుట్ట ఎక్కి కూర్చునేవాడు. జూన్‌లో ఒక గురువారం, మిట్టమధ్యాహ్నం, దక్షిణాన నీళ్లు తెల్లబడ్డాయి. జైలోస్ కొడుకు లుసుంగుకి ఫోన్ చేశాడు. అందుబాటులో లేరంది ఫోనులో ఆడగొంతు. మళ్లీ చేశాడు. ఇక పరుగందుకున్నాడు. యాభై ఆరేళ్ల మనిషి రాళ్ల మీద పడుతూ లేస్తూ ఒడ్డుకి చేరేసరికి, నా టీ కొట్టు పైకప్పు రేకులు ఎగిరి ఇసుకలో పడి ఉంది. పదకొండు పడవలు వెళ్తే పది తిరిగొచ్చాయి. రానిది లుసుంగుది.

మూడో రోజున, ఏడుపులు కాస్త సద్దుమణిగాక, న్యాలోంగ్వె ఇంటి వాకిట్లో యోతాము మగవాళ్ల మధ్య లేచి నిలబడ్డాడు. గంటలు ఎక్కువ రాయడం, క్యాన్లు, గుంట, ఆ అమ్మాయి అడగడం, తను అబద్ధమాడటం, అన్నీ చెప్పాడు. వినేవాళ్లకి తలా తోకా దొరకలేదు.

"కూర్చో అన్నా. పిల్లాడు పోయి మేమేడుస్తుంటే డీజిల్ గోలేంటి?" అని ఎవరో చెయ్యి పట్టి లాగారు.

లోపలి నుంచి న్యాలోంగ్వె గుమ్మంలోకి వచ్చింది. ఆమె గొంతు పెంచలేదు.

"ఆ రోజు ఆ పిల్లతో ఈ మాటే అనుంటే ఏమయ్యేది బావగారూ? మహా అయితే మిమ్మల్ని జైల్లో పెట్టేవాళ్లు. నేనూ మా వాడూ వారం వారం వచ్చి మీకింత ముద్ద పెట్టి వెళ్లేవాళ్లం."