మిరపచేలో మా మెజారిటీ

ఆ రోజుల్లో ఓటమంటే ఏమిటో మాకు తెలియదు. అప్పటిదాకా దేనికీ పోటీ చేసి ఎరగం మరి. మా ఊరి బోర్లన్నీ ఉప్పునీళ్ళే. కాలువ నీళ్ళు ట్యాంకుకెక్కించమని అడగడానికి పుట్టిన సంఘం మాది. ఎన్ని అర్జీలు పెట్టినా మండలాఫీసులో ఎవరూ పట్టించుకోకపోవడంతో, సర్పంచి పదవికి ఉప ఎన్నిక రాగానే సంఘాన్ని నడిపే మా పిన్నిని నిలబెట్టాం. గుంటూరులో డిగ్రీ పూర్తిచేసి ఖాళీగా ఉన్న నేను ప్రచార కార్యదర్శిని (ఆ పదవి నాకు నేనే ఇచ్చుకున్నాను).

అది మిరపకోతల కాలం. పగలు ఏ ఇల్లు చూసినా తాళమే. అందుకని నేరుగా చేలల్లోకే వెళ్ళి, గట్టుమీద నిలబడి ఉపన్యాసం దంచేవాణ్ణి. సాళ్ళ మధ్య ఆడవాళ్ళు కాయలు కోస్తూనే నవ్వుతూ తలూపేవారు. వాళ్ళ యాస కొంచెం తేడాగా ఉందని గమనించి, నా ఉపన్యాసాన్ని కూడా ఆ యాసలోకి మార్చాను (నా తెలివికి నేనే మురిసిపోయాను). సాయంత్రం ఇంటికొచ్చి, మెజారిటీ ఎంతన్నదే తేలాలని పిన్నికి చెప్పేవాణ్ణి.

పెట్టెలు విప్పితే చిత్తుగా ఓడిపోయాం. బాబాయి మాత్రం తాపీగా అడిగాడు.

"ఒరేయ్, కోతకొచ్చినోళ్ళు కర్నూలు వైపోళ్ళు కదరా. వాళ్ళ ఓట్లు ఇక్కడెందుకుంటాయి?"

మా సంఘంలో ఒక్కరికీ ఆ సంగతి తట్టలేదు. ఏటా వచ్చి, కోతలయ్యేదాకా గుడిసెలేసుకుని ఉండేవాళ్ళు కదా, మా ఊరివాళ్ళకిందే జమకట్టేశాం.

మర్నాడు పిన్ని అందర్నీ పిలిచి, ఇక సంఘం చాలించి ఎవరిళ్ళకు వాళ్ళం పోదామంది. ఎవరూ వద్దనలేదు. నాకైతే ఏడుపొక్కటే తక్కువ. అంతలో చేలోంచి కోత ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో వచ్చారు. నీళ్ళ కోసం ఆఫీసుకు ఎప్పుడు పోతున్నామని వాళ్ళ మేస్త్రమ్మ అడిగింది. ఓడిపోయామనీ, వాళ్ళకిక్కడ ఓట్లు లేవనీ నసుగుతూ చెప్పాను.

"ఓటు మా ఊర్లో ఉండాది లేయ్యా," అంది ఆమె. "దప్పి మాత్రం ఈడనే అయితాంది గదా."

పిన్ని పైటకొంగుతో కళ్ళు తుడుచుకుని, సోమవారం పోదామంది. ఆ సోమవారం వాళ్ళంతా కోత మానుకుని మాతో వచ్చి, ఆఫీసు మెట్లమీద బిందెలు బోర్లించి కూర్చున్నారు. అంతమందిని చూసి అధికారి హడలిపోయాడు. ఎవరికి ఓటుందో ఎవరికి లేదో అడగాలని ఆయనకీ తోచలేదు, నాలాగే.

నీళ్ళు రావడానికి ఇంకా చాలా తిరగాల్సి వచ్చింది కానీ, సంఘం మళ్ళీ మూతపడలేదు. గట్టుమీద చేతులూపుతూ, రాని యాసలో అరిచిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. వాణ్ణి చూసి నవ్విన ఆ తల్లులు గుర్తొస్తే మాత్రం చేతులు జోడించాలనిపిస్తుంది. ఒక్క ఓటూ వెయ్యకుండా మమ్మల్ని నిలబెట్టింది వాళ్ళే.